గ్రేహౌండ్ రక్తం, రోహిల్లా నేల: రాంపూర్ జాగిలం చెప్పే చరిత్ర

తెలుగువాళ్ళకు గ్రేహౌండ్స్ అనగానే ముందు గుర్తొచ్చేది పోలీసు దళం. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన కమాండో దళానికి ఆ పేరు పెట్టారు. వెంటాడి పట్టుకునేది అన్న అర్థం ఆ పేరులోనే ఉంది. ఆ పేరుకు అసలు సొంతదారు మాత్రం ఇంగ్లండ్‌లో రాజుల, భూస్వాముల ఇళ్ళలో పెరిగిన ఒక వేట జాగిలం. అది మన దేశానికి వచ్చి, ఇక్కడి పెద్ద జాగిలాలతో కలిసి ఏ కొత్త జాతిని ఇచ్చింది, ఆ జాతి చివరికి ఏమైంది అన్నదే ఈ రోజు వ్యాసం.

"కుక్కల గురించి చదివితే మార్కులొస్తాయా?" అని మీరు అడగొచ్చు. రాంపూర్ హౌండ్ కథ పట్టుకుంటే రోహిల్లా యుద్ధం, నేరస్థ తెగల చట్టం, సంస్థానాల విలీనం, రాజభరణాల రద్దు, వన్యప్రాణి సంరక్షణ చట్టం, రాజ్యాంగం 48వ అధికరణం అన్నీ ఒకే దారానికి గుచ్చినట్టు వస్తాయి. విడివిడిగా బట్టీ పట్టినవి పరీక్ష హాల్లో జారిపోతాయి. కథలో కూర్చుకున్నవి నిలుస్తాయి.

ఈ టాపిక్ ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బరువైన జాగిలాన్ని గ్రేహౌండ్‌తో కలపడం అనే ఒకే పని ఒక దేశంలో దొంగకుక్కను ఇచ్చింది, మరో దేశంలో నవాబు కుక్కను ఇచ్చింది. ఆ తేడా గొలుసు ఎవరి చేతిలో ఉందో దాన్నిబట్టి వచ్చింది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

1. అసలు ఎందుకు కలుపుతారు?

ముందు కొంచెం సైన్స్. వేటకుక్కలు స్థూలంగా రెండు రకాలు. ఒక రకం ముక్కును నమ్ముకుంటుంది. వాసన పట్టుకుని మైళ్ళకొద్దీ పోతుంది. రెండో రకం కంటిని నమ్ముకుంటుంది. మైదానంలో జంతువు కనిపించగానే దాని వెంట పరుగు తీసి పట్టేస్తుంది. గ్రేహౌండ్ రెండో రకంలో అగ్రగామి. లోతైన ఛాతీ, సన్నటి నడుము, పొడవాటి కాళ్ళు. పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఒక్కో అంగలో రెండుసార్లు దాని నాలుగు కాళ్ళూ నేలను వదులుతాయి. గంటకు 60 కిలోమీటర్లు దాటే వేగం అలా వస్తుంది.

ఇంజనీరింగ్ చదివినవాళ్ళకు ట్రేడ్-ఆఫ్ అన్న మాట బాగా అలవాటు. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. గ్రేహౌండ్‌లో వేగం కోసం మిగతావన్నీ తగ్గాయి. చర్మం పలుచన, ముళ్ళ కంపల్లో చీరుకుపోతుంది. కొవ్వు తక్కువ, చలికి ఆగదు. కొద్ది నిమిషాల పరుగుకే అలసిపోతుంది. గడ్డి నేలమీద కుందేలును తరమడానికి ఇది చాలు. రాళ్ళ నేలమీద, తిరగబడి కరిచే జంతువు మీదకు వదలడానికి చాలదు.

దీనికి పరిష్కారం ఒరిజినల్ డిజైన్ మార్చడమే. బరువు, ఓపిక, మొండితనం ఉన్న పెద్ద జాగిలాన్ని ఒకవైపు, గ్రేహౌండ్‌ను మరోవైపు పెట్టి సంకరం చేస్తారు. మొదటి తరం పిల్లలు చాలావరకు ఒకే తీరుగా, తల్లిదండ్రుల కంటే దృఢంగా వస్తాయి. హైబ్రిడ్ విగర్ అని మీరు వ్యవసాయంలో చదివేది ఇదే. ఆ పిల్లలను మళ్ళీ వాటిలో వాటికే కలిపితే రెండో తరంలో రకరకాలు పుడతాయి. ఒకటి తల్లి పోలిక, ఒకటి తాత పోలిక, ఒకటి ఎటూ కాని పోలిక. కావలసిన లక్షణాలను స్థిరపరచాలంటే తరాల తరబడి ఎంపిక చేయాలి. ఎక్కువ కుక్కలను పోషించాలి, ఏది దేనికి పుట్టిందో లెక్క ఉంచాలి, పనికిరానివాటిని పక్కన పెట్టాలి.

అంటే సంకరం ఎవరైనా చేయొచ్చు. దాన్ని ఒక జాతిగా నిలబెట్టాలంటే మాత్రం ఆదాయం, స్థలం, తీరిక కావాలి. కథ ఇక్కడే రెండు దారులుగా చీలుతుంది.

2. ఇంగ్లండ్ దారి: పేరు లేని కుక్క

ఇంగ్లండ్‌లో గ్రేహౌండ్ రక్తం ఉన్న సంకర కుక్కను లర్చర్ అంటారు. కోలీ వంటి కాపరి కుక్కతోనో టెర్రియర్‌తోనో కలిపితే అది లర్చర్. డీర్‌హౌండ్ లాంటి మరో పరుగు జాగిలంతో కలిపితే లాంగ్‌డాగ్ అని విడిగా పిలిచేవాళ్ళూ ఉన్నారు. రెండూ పనికోసం పెంచినవే. కుందేళ్ళను నిశ్శబ్దంగా పట్టి యజమాని చేతికి తెచ్చివ్వడం లర్చర్ పని. మొరగకపోవడం దాని అతిపెద్ద అర్హత. ఎందుకంటే ఆ యజమానికి ఆ కుందేలు మీద హక్కు లేదు.

1381లో ఇంగ్లండ్‌లో రైతుల తిరుగుబాటు జరిగింది. దాని వేడి చల్లారకముందే, 1390లో రెండో రిచర్డ్ కాలంలో ఒక శాసనం వచ్చింది. ఏడాదికి 40 షిల్లింగుల ఆదాయమిచ్చే భూమి లేని సామాన్యుడు వేటకు గ్రేహౌండ్‌ను పెంచకూడదు. కూలీలు పండగ రోజుల్లో చర్చికి పోకుండా వేట పేరుతో గుంపులు కడుతున్నారని, ఆ గుంపుల్లో కుట్రలు పుడుతున్నాయని ఆ శాసనమే చెప్పుకుంది. పాలకుల అసలు భయం కుందేలు గురించి కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

1671 గేమ్ యాక్ట్ ఇంకా ముందుకు పోయింది. వేటాడాలంటే ఏడాదికి 100 పౌండ్ల ఆదాయమిచ్చే సొంత భూమి ఉండాలి. అర్హత లేనివాడి ఇల్లు సోదా చేసి తుపాకులు, వలలు, గ్రేహౌండ్లతో పాటు లర్చర్లను కూడా స్వాధీనం చేసుకోవచ్చని ఆ చట్టం పేరుపెట్టి మరీ చెప్పింది. 1723 నాటి బ్లాక్ యాక్ట్ దొంగ వేటకు సంబంధించిన ఎన్నో నేరాలకు ఉరిశిక్ష పెట్టింది. ఈ చట్టం మీద ఇ.పి. థాంప్సన్ 1975లో రాసిన విగ్స్ అండ్ హంటర్స్ హిస్టరీ ఆప్షనల్ వాళ్ళు పేరైనా వినాల్సిన పుస్తకం. భూమి ఆదాయం ఉండాలన్న నిబంధన 1831లో గానీ పోలేదు.

ఈ పరిస్థితుల్లో పేదవాడు తన కుక్క వంశవృక్షం రాసిపెట్టుకుంటాడా? సోదా జరిగితే అదే సాక్ష్యం అవుతుంది. అతనికి అందిన గ్రేహౌండ్‌ను అందిన కాపరి కుక్కతో కలుపుతాడు. వచ్చే తరానికి మళ్ళీ కొత్తగా కలుపుతాడు. అందుకే లర్చర్ శతాబ్దాలుగా ఉన్నా ఒక స్థిరమైన జాతి కాలేదు, ఒక రకంగానే మిగిలిపోయింది.

3. మన దగ్గర గ్రేహౌండ్‌కు ముందు

భారతదేశంలో వేట జాగిలాల కథ బ్రిటిష్‌వాళ్ళతో మొదలవలేదు. బాబిలోన్‌లో పర్షియన్ గవర్నరు దగ్గర భారతీయ జాగిలాలు ఎన్ని ఉండేవంటే, వాటిని మేపడానికి నాలుగు పెద్ద గ్రామాలను కేటాయించి, వాటికి మిగతా పన్నులు మాఫీ చేశారని హెరొడోటస్ రాశాడు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఈ వాక్యం ఒక్కటే ఆనాటి విదేశీ సంబంధాలకు మంచి ఉదాహరణ.

అర్థశాస్త్రంలో జాగిలాలకు ఇంకో పని కనిపిస్తుంది. పచ్చిక భూములను చూసే వివీతాధ్యక్షుడి అధ్యాయంలో, కుక్కలతో తిరిగే వేటగాళ్ళు అడవుల్లో గస్తీ తిరగాలని, దొంగలో శత్రువులో వస్తే శంఖం ఊది, భేరి కొట్టి హెచ్చరించాలని ఉంది. అంటే కౌటిల్యుడి రాజ్యంలో కుక్కతో అడవిలో తిరిగేవాడు రాజ్యానికి కళ్ళూ చెవులూ. ఈ వాక్యం మనసులో ఉంచుకోండి, 1871 దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

మొగలుల కాలంలో అక్బర్ అన్ని దేశాల నుంచీ కుక్కలు తెప్పించేవాడని, కాబూల్ ప్రాంతం నుంచి, ముఖ్యంగా హజారా నుంచి మంచివి వచ్చేవని ఐన్-ఇ-అక్బరీ చెబుతుంది. 1615లో సూరత్‌లో దిగిన సర్ థామస్ రో రాయబార కాలంలో జహంగీర్ ఆస్థానానికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన కానుకల్లో మాస్టిఫ్ కుక్కలూ ఉన్నాయి. మంచి కుక్క ఇవ్వడం, పుచ్చుకోవడం అప్పటికే దౌత్యంలో భాగమన్నమాట.

తెలుగు సాహిత్యం ఆప్షనల్ తీసుకున్నవాళ్ళకు మనుచరిత్రలో స్వరోచి వేట తెలిసిందే. రాజు వేట అక్కడ వీరత్వానికి గుర్తు. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడిది వేటనే నమ్ముకున్న బోయ జీవితం. రాజుకు వేట వినోదం, బోయకు వేట అన్నం. ఈ రెండు ప్రపంచాలూ పక్కపక్కనే ఉండేవి.

4. రోహిల్ఖండ్: యుద్ధం మిగిల్చిన సంస్థానం

ఇప్పుడు రాంపూర్‌కు వద్దాం. ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో బరేలీ, మొరాదాబాద్ మధ్య ఉన్న పట్టణం ఇది. 18వ శతాబ్దంలో ఆ ప్రాంతంలో ఆఫ్ఘన్ మూలాలున్న రోహిల్లాలు స్థిరపడ్డారు. వాళ్ళలో చాలామంది సైనికులు, గుర్రాల వ్యాపారులు. కాబూల్ వైపు నుంచి గంగా మైదానానికి గుర్రాలు వచ్చే దారి వాళ్ళకు కొట్టినపిండి. ఆ గుర్రాల వెంట తాజీ జాగిలాలూ నడిచి వచ్చాయని ఊహించడం కష్టం కాదు. తాజీ అంటే పారశీకంలో అరబ్బు అని అర్థం. మధ్య ఆసియా, ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతాల్లో కంటితో వేటాడే పెద్ద జాగిలాలకు ఆ పేరు స్థిరపడింది. ఓపిక, దెబ్బకు ఆగే శరీరం, మాట వినని మొండితనం వాటి లక్షణాలు.

1772లో మరాఠాల నుంచి కాపాడితే 40 లక్షల రూపాయలు ఇస్తామని రోహిల్లాలు అవధ్ నవాబు షుజా-ఉద్-దౌలాకు ఒప్పుకున్నారు. ఆ డబ్బు దగ్గర తగాదా వచ్చింది. షుజా వారన్ హేస్టింగ్స్ దగ్గరకు పోయి, 40 లక్షలకు కంపెనీ సైన్యాన్ని అద్దెకు తెచ్చుకున్నాడు. 1774 ఏప్రిల్ 23న మీరన్‌పూర్ కటరా యుద్ధంలో రోహిల్లా నాయకుడు హాఫిజ్ రహమత్ ఖాన్ చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో లాల్‌దంగ్ ఒప్పందంతో ఫైజుల్లా ఖాన్‌కు రాంపూర్ మిగిలింది.

ప్రిలిమ్స్ కోసం ఒక మెలిక. హేస్టింగ్స్ మీద బర్క్ తెచ్చిన ఆరోపణల్లో రోహిల్లా యుద్ధం కూడా ఉంది. అయితే 1786లో కామన్స్ సభ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. అభిశంసనకు దారి తీసినది చైత్‌సింగ్, బనారస్ ఆరోపణ. ఈ రెండింటినీ కలిపేసే ఆప్షన్ వస్తే జాగ్రత్త.

1793లో ఫైజుల్లా ఖాన్ చనిపోయాక వారసత్వ గొడవ, 1794లో మళ్ళీ యుద్ధం. అది ముగిశాక చిన్నపిల్లవాడైన అహ్మద్ అలీ ఖాన్ నవాబు అయ్యాడు. 1840 దాకా ఆయనే నవాబు. 1801లో అవధ్ నవాబు రోహిల్ఖండ్‌ను కంపెనీకి వదులుకున్నాడు. దాంతో రాంపూర్ చుట్టూ బ్రిటిష్ జిల్లాలే మిగిలాయి. ఇరుగుపొరుగంతా ఇంగ్లిష్ అధికారులు, వాళ్ళ గుర్రాలు, వాళ్ళ గ్రేహౌండ్లు.

5. నవాబు చేసిన సంకరం

ఆ అహ్మద్ అలీ ఖానే తాజీ జాగిలాలను ఇంగ్లిష్ గ్రేహౌండ్లతో కలిపి రాంపూర్ హౌండ్‌ను తీర్చిదిద్దాడని సంప్రదాయంగా చెబుతారు. తాజీ నుంచి బరువు, ఓపిక, ధైర్యం. గ్రేహౌండ్ నుంచి వేగం, కొంత మాట వినే గుణం. ఫలితంగా పొట్టి వెంట్రుకలు, పొడవాటి మూతి, గ్రేహౌండ్ కంటే దిట్టమైన ఎముక, గట్టి దవడ ఉన్న జాగిలం వచ్చింది. నక్కల వేట దాని ముఖ్యమైన పని. జింకల మీదకూ అడవిపందుల మీదకూ కూడా వదిలేవారు.

అవసరం ఏమిటో చూడండి. ఇంగ్లండ్ నుంచి తెచ్చిన జాగిలాలు ఇక్కడి ఎండకు, రోగాలకు తట్టుకోలేక తొందరగా చనిపోయేవి. బ్రిటిష్ అధికారులు రకరకాల కుక్కలను పోగేసి నక్కల వేటకు పోయేవారు. ఆ కలగూరగంపకు బాబరీ ప్యాక్ అని పేరు. ఊటీలో 19వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ ఫాక్స్‌హౌండ్లతో వేట క్లబ్బు నడిచింది. అక్కడ ఇంగ్లండ్ నక్క దొరక్క, మన నక్కనే తరిమేవారు. నీలగిరి చలిలో ఆ కుక్కలు నిలిచాయి. రోహిల్ఖండ్ ఎండలో నిలవాలంటే సగం రక్తం ఇక్కడిదై ఉండాలి.

రాంపూర్ నవాబుకు ఒక కష్టమూ ఉంది, ఒక సౌకర్యమూ ఉంది. కష్టం ఏమిటంటే, కంపెనీ నీడలో ఉన్న సంస్థానాధీశుడికి సొంతంగా యుద్ధం చేసే అవకాశం లేదు. తన గొప్పతనం చూపించుకోవడానికి మిగిలినవి సంగీతం, పుస్తకాలు, వంటలు, వేట. రజా లైబ్రరీ, రాంపూర్-సహస్వాన్ ఘరానా, రాంపూర్ హౌండ్ ఈ మూడింటినీ ఒకే వరుసలో పెట్టి చూడండి. కత్తి పక్కన పెట్టిన ఆస్థానం సంస్కృతిలో పెట్టిన పెట్టుబడులు అవి. 1857లో నవాబు యూసుఫ్ అలీ ఖాన్ బ్రిటిష్ పక్షాన నిలవడంతో ఆస్థానం చెదరకుండా మిగిలింది.

సౌకర్యం ఏమిటంటే డబ్బు, కెన్నెల్, పనివాళ్ళు, తరాల తరబడి లెక్క ఉంచే తీరిక. అందుకే ఇంగ్లండ్ పేదవాడు చేసిన సంకరం రకంగా మిగిలితే, రాంపూర్ నవాబు చేసిన సంకరం ఒక జాతిగా నిలిచి ఊరి పేరు పెట్టుకుంది. పద్ధతి ఒకటే. వెనుక ఉన్న ఖజానా వేరు.

6. గొలుసు ఎవరి చేతిలో ఉంది?

ఇప్పుడు కౌటిల్యుడి వేటగాణ్ణి గుర్తు తెచ్చుకోండి. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. వేటనే నమ్ముకున్న పార్ధీల వంటి సంచార సమూహాలు పుట్టుకతోనే నేరస్థులుగా నమోదయ్యాయి. 1911 చట్టంతో ఈ వ్యవస్థ మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1913లో ఎరుకలవారి కోసం పెట్టిన స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ తెలుగు నేల మీద దానికి గుర్తు. 1878 అటవీ చట్టం అడవులను రిజర్వు చేసింది. అదే ఏడాది ఆయుధ చట్టం లైసెన్సు లేకుండా తుపాకి పట్టకుండా చేసింది. 1879లో నీలగిరి వేట చట్టం, 1912లో అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం వచ్చాయి.

ఇవన్నీ వేటను ఆపాయా? వైస్రాయ్‌ల షికార్లు, సంస్థానాధీశుల షికార్లు ఆ దశాబ్దాల్లోనే వైభవంగా సాగాయి. ఆగింది తిండికోసం చేసే వేట. ఒకే అడవిలో, ఒకే జింక వెంట, ఒకే రకం జాగిలాన్ని వదిలినా నవాబు చేస్తే క్రీడ, పార్ధీ చేస్తే నేరం. 1390లో ఇంగ్లండ్ పార్లమెంటు గీసిన గీత 500 ఏళ్ళ తర్వాత ఇక్కడ మళ్ళీ పడింది.

పేర్లలో కూడా ఈ గీత కనిపిస్తుంది. దక్కన్‌లో సన్నటి నడుముతో, కంటితో వేటాడే జాగిలం ఒకటుంది. సంచార బృందాల వెంట తిరిగేది కాబట్టి దానికి కారవాన్ హౌండ్ అని పేరు. ఇప్పటి కర్ణాటక బాగల్‌కోట్ జిల్లాలోని ముధోల్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఆ జాగిలాలను చేరదీసి పెంచాడు, ఐదో జార్జి రాజుకు ఒక జత కానుకగా ఇచ్చాడు. అలా దానికి ముధోల్ హౌండ్ అన్న పేరు వచ్చింది. నేటికీ ఒక కెన్నెల్ సంఘం దాన్ని కారవాన్ అని, మరొకటి ముధోల్ అని పిలుస్తోంది. నడిపించినవాళ్ళ పేరు ఒకటి, ఏలినవాళ్ళ పేరు ఒకటి.

తమిళనాడు రాజపాళయంలో స్థిరపడిన తెలుగు రాజుల ఊరి పేరు మోసే జాగిలం మరో ఉదాహరణ. బ్రిటిష్‌వాళ్ళు అటు జాగిలాలను పాలిగార్ హౌండ్ అనేవాళ్ళు, అంటే పాళెగాళ్ళ కుక్క. ఇక్కడా అధికారంలో ఉన్నవాడి పేరే కుక్కకు అంటుకుంది.

7. పని పోయిన పనికుక్క

1949లో రాంపూర్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమై ఉత్తరప్రదేశ్‌లో జిల్లా అయింది. 1952లో నేరస్థ తెగల చట్టం రద్దయి ఆ సమూహాలు విముక్త జాతులయ్యాయి. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలను రద్దు చేసింది. మరుసటి ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సుతో చేసే వేటకూ తలుపు మూసుకుపోయింది. ప్రస్తుత నిర్వచనం ప్రకారం వేట అంటే చంపడమే కాదు, కుక్కలతో తరమడం కూడా వేటే. రాంపూర్ హౌండ్ పుట్టిందే ఆ పనికోసం.

వేట నిషేధం సరైన నిర్ణయమే. చీతా ఈ దేశంలో అంతరించిపోయిన సంగతి మనకు తెలుసు. షికార్లు ఇంకో యాభై ఏళ్ళు సాగి ఉంటే కృష్ణజింక కూడా ఫొటోల్లోనే మిగిలేది. కాకపోతే ఒక చట్టం రెండు పనులు చేసిందని గమనించండి. జింకను కాపాడింది, జింకను తరిమే కుక్కకు పని లేకుండా చేసింది. సంస్థానం పోయింది కాబట్టి పోషణ లేదు, వేట పోయింది కాబట్టి ఎంపిక లేదు. ఏ కుక్క బాగా పరిగెడుతుందో, ఏది భయపడకుండా నిలుస్తుందో పరీక్షించే మైదానమే లేనప్పుడు, తరాలు మారేకొద్దీ మిగిలేది ఆకారం మాత్రమే. అసలు సిసలు రాంపూర్ హౌండ్లు ఇప్పుడు చాలా అరుదు.

8. దేశవాళీ అంటే ఏమిటి?

2005 జనవరి 9న తపాలాశాఖ నాలుగు భారతీయ కుక్కజాతుల మీద స్టాంపులు విడుదల చేసింది. హిమాలయన్ షీప్ డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం. 2016లో ముధోల్ హౌండ్లు మీరట్‌లోని ఆర్మీ రీమౌంట్ వెటర్నరీ కోర్ శిక్షణకు వెళ్ళాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో వ్యాపార సంతానోత్పత్తి కోసం విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం నిషేధించింది. 2020 ఆగస్టు 30 మన్ కీ బాత్‌లో ప్రధాని దేశీ జాతులను పెంచుకోమన్నారు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల బ్యూరో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్‌లకు గుర్తింపునిచ్చింది.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది. తండ్రి ఆఫ్ఘన్, తల్లి ఇంగ్లిష్ అయిన రాంపూర్ హౌండ్ భారతీయ జాతి ఎలా అయింది? స్వదేశీ అంటే విదేశీ రక్తం ఒక్క చుక్క కూడా ఉండకూడదు అనుకుంటే ఆ స్టాంపు తప్పు. నా అభిప్రాయంలో ఆ స్టాంపు సరైనదే. ఈ నేల మీద, ఈ ఎండలో, ఈ అవసరాల కోసం, ఇక్కడి మనుషుల చేతుల్లో తరాల తరబడి తయారైంది కాబట్టి అది మనది. మిరపకాయ పోర్చుగీసువాళ్ళతో వచ్చింది కదా అని గుంటూరు కారాన్ని పరాయిది అనం. మన ఒంగోలు పశువులు బ్రెజిల్ వెళ్ళి నెలోర్ పేరుతో అక్కడి మాంసం పరిశ్రమకు ఆధారమయ్యాయి. ఇప్పుడు అవి బ్రెజిల్ జాతి కూడా.

రాజ్యాంగం 48వ అధికరణం ఆధునిక శాస్త్రీయ పద్ధతుల్లో పశుపోషణ చేయాలని, ఆవుల వంటి పశుజాతులను పరిరక్షించాలని, మెరుగుపరచాలని చెబుతుంది. ఆదేశం పశువుల గురించే అయినా, ఆ రెండు క్రియల మధ్య ఉన్న లాగుడు చూడండి. పరిరక్షణ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం. మెరుగుదల అంటే మార్చడం. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలతో పాల దిగుబడి పెరిగింది, అదే సమయంలో దేశవాళీ ఆవులు తగ్గాయి. రాంపూర్ హౌండ్‌ది దానికి తిరగేసిన కథ. సంకరం వల్లనే పుట్టిన జాతిని ఇప్పుడు సంకరం నుంచి కాపాడాలంటున్నాం.

నాకు తోచిన సమాధానం ఇది. పనికుక్కను కాపాడాలంటే దానికి పని ఇవ్వాలి. ముధోల్‌కు సైన్యం దారి చూపించింది. కాపలా, గాలింపు, అటవీ సిబ్బందికి తోడుగా వేటగాళ్ళను పట్టుకోవడం వంటి పనులు చట్టం లోపలే ఉన్నాయి. జింకను తరమడానికి పుట్టిన జాగిలం జింకను చంపేవాణ్ణి తరమడం కన్నా మంచి మలుపు ఏముంటుంది? ఆ పని అప్పగించేటప్పుడు, ఈ జాగిలాలను తరతరాలుగా పెంచి, వాటి నడక, చూపు తెలిసిన సంచార కుటుంబాలకు కూడా అందులో ఉద్యోగం, శిక్షకుల హోదా దక్కాలి. కుక్కకు స్టాంపు వేసి, దాన్ని నడిపించినవాడికి ఇంకా పాత ముద్రే మిగిల్చితే అది సగం న్యాయమే.

9. జవాబులో ఎలా వాడాలి?

రోహిల్లా యుద్ధం మీద ప్రశ్న వస్తే రాంపూర్ హౌండ్ రాయకండి, అది విషయం దాటడం అవుతుంది. దీన్ని వాడాల్సిన చోట్లు మూడు. ఒకటి, వలస పాలనలో అడవులు, గిరిజనులు, సంచార జాతుల మీద ప్రశ్న. అక్కడ క్రీడ, నేరం అనే తేడాను 1871, 1878, 1912 చట్టాలతో కలిపి రెండు వాక్యాల్లో రాయండి. రెండు, జీఎస్ పేపర్-3లో పశుపోషణ, దేశవాళీ జాతులు. అక్కడ పరిరక్షణకు, మెరుగుదలకు మధ్య లాగుడు మీ మెయిన్ పాయింట్. మూడు, ఎస్సే పేపర్లో సంప్రదాయం, ఆధునికత, స్వదేశీ లాంటి అంశాలు. అందరూ ఖాదీతో మొదలుపెట్టే చోట మీరు ఒక జాగిలంతో మొదలుపెట్టొచ్చు.

ప్రిలిమ్స్‌కు ఇవి ఒకసారి చూసుకోండి: మీరన్‌పూర్ కటరా 1774, రోహిల్ఖండ్ కంపెనీ వశం 1801, నేరస్థ తెగల చట్టం 1871, దాని రద్దు 1952, 26వ సవరణ 1971, వన్యప్రాణి చట్టం 1972, వేట లైసెన్సులకు ముగింపు 1991.

ప్రాక్టీస్ ప్రశ్న: "వలస పాలనలో వన్యప్రాణి రక్షణ చట్టాలు జంతువుల కంటే ఎక్కువగా మనుషులను వర్గీకరించాయి." చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు. టైమర్ పెట్టుకుని, పుస్తకం మూసి రాయండి. మొదటి పేరాలో కనీసం ఒక చట్టం, ఒక సమూహం పేరు పడాలి. చివరి పేరాలో 1952 తర్వాత విముక్త జాతుల పరిస్థితి మీద ఒక్క వాక్యమైనా ఉండాలి. చాలామంది జవాబు స్వాతంత్ర్యం దగ్గర ఆగిపోతుంది. మీది ఆగకుండా చూసుకోండి.